ఆడలేనివాడికి తగిన మద్దెల

మొదటి ఎయిర్ రైఫిల్, అంటే గాలి తుపాకీ, ఎలా ఎంచుకోవాలో చెప్పే సలహాలన్నీ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. కొనేవాడికి గురి కుదరాలని ఉంటుందని ఆ సలహాలిచ్చేవాళ్లు నమ్ముతారు. మొదటి ఆరు నెలలూ గురి ఎలాగూ కుదరదు. ఆ ఆరు నెలలూ అతనికి కావలసింది తప్పిపోయిన ప్రతి పెల్లెట్‌కూ, అంటే దాంట్లో వేసే ప్రతి చిన్న గుండుకూ, ఒక గౌరవప్రదమైన కారణం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అని పెద్దలు వెక్కిరింపుగా అన్నారు గానీ, ఆ సామెతలో కొనుగోలుదారుకు పనికొచ్చే మాట ఒకటుంది. ఆడలేనని ముందే తెలిసినవాడు మద్దెలను జాగ్రత్తగా చూసి కొనుక్కోవాలి. ఎక్కడ తట్టినా ఓడు పలికేదే కావాలి.

ఈ విషయంలో నా అర్హత చెప్పుకోవాలి. నా మొదటి రైఫిల్‌ను నేను పెట్టె చూసి కొన్నాను. పెట్టె మీద అరచేతంత అంకెల్లో సెకనుకు 1,250 అడుగులు అని ఉంది. శబ్దం గాలిలో పోయేదే సెకనుకు దాదాపు 1,125 అడుగులు. అంటే నేను పేల్చిన చప్పుడు అవతలి డబ్బాకు వినపడేలోపే పెల్లెట్ వెళ్లి దాన్ని పడగొట్టేస్తుందని లెక్క. ఆచరణలో డబ్బా చప్పుడు మాత్రం స్పష్టంగా విన్నది. తక్కినదేదీ దాని దాకా రాలేదు.

ఆ అంకె ఎలా పుడుతుందో తర్వాత తెలిసింది. సీసం లేని తేలికపాటి లోహపు పెల్లెట్లు వేసి కొలిస్తే వచ్చే వేగం అది. మామూలు సీసం పెల్లెట్, అంటే 4.5 మిల్లీమీటర్ల సైజులో అర గ్రాము చుట్టుపక్కల తూగేది వేస్తే వేగం బాగా పడిపోతుంది. పడిపోవడమే మంచిది కూడా. ఒక పెల్లెట్‌ను వేళ్ల మధ్య పెట్టుకుని చూడండి. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక గుల్లగా విచ్చుకున్న పావడా. షటిల్ కాక్‌కి చుట్టం లాంటి ఈ ఆకారం శబ్దవేగానికి బాగా దిగువన ఉన్నంతసేపూ నిలకడగా పోతుంది. ఆ వేగం దగ్గరపడిందంటే చుట్టూ గాలి అల్లకల్లోలమై, పెల్లెట్ ఊగడం మొదలెడుతుంది. కాబట్టి "వేగం మరీ ఎక్కువైపోయి తగల్లేదండీ" అనేది శాస్త్రసమ్మతమైన సాకు. పైగా వినేవాడికి కాస్త అసూయ కూడా పుట్టిస్తుంది.

పాపం, ఒలింపిక్స్ వాళ్లకు ఈ సౌకర్యం లేదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 నుంచీ ఒలింపిక్స్‌లో ఉంది. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పెన్నుతో ఫుల్‌స్టాప్ పెడితే ఇంకా పెద్దగానే వస్తుంది. ఆ చుక్కను కొట్టే రైఫిళ్లు పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వదులుతాయి. అడుగుల్లో దాదాపు 560, నా పెట్టె మీద అంకెలో సగం కూడా లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ పోటీలోనే. వేగం లేకపోవడంతో, వేరే దారి లేక గురి చూసి కొట్టాల్సి వచ్చింది.

ఇక లోపలి సంగతి. మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది చూపు స్ప్రింగు రైఫిల్ మీద పడుతుంది, అందులోనూ బారెల్‌ను, అంటే ముందుండే గొట్టాన్ని, కీలు దగ్గర విరిచి ఎక్కుపెట్టే రకం మీద. బారెల్‌ను కిందికి లాగితే లోపల పిస్టన్ వెనక్కి జరిగి స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టన్‌ను తోస్తుంది, ముందున్న గాలి నలిగి పెల్లెట్‌ను నెడుతుంది. నాటకమంతా ఇక్కడే ఉంది. బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంటే రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ వెళ్లి ఆగుతుంటే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. ఈ గలాటా మొదలయ్యేసరికి పెల్లెట్ ఇంకా బారెల్ లోపలే ఉంటుంది. అందుకని రైఫిల్‌ను బిగించి పట్టుకున్నవాడి పెల్లెట్లు ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతాయి. ముందు చెయ్యి తెరిచి ఊరికే కింద ఆనించి, ప్రతిసారీ అదే చోట ఆనించి, భుజానికి అదమకుండా, దాని ఇష్టమొచ్చినంత దాన్ని ఎగరనివ్వాలి. నిద్రపోతున్న చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. నేను పారిపోతున్న దొంగను పట్టుకున్నట్టు పట్టుకునేవాణ్ని.

శక్తి పెరిగినకొద్దీ ఈ కుదుపూ పెరుగుతుంది. అందుకే మనలాంటివాళ్లకు అతి శక్తిమంతమైన స్ప్రింగు రైఫిలే సరైనది. దాన్ని ఎక్కుపెట్టడానికి 20 కిలోలకు పైగా బలం పెట్టి లాగాలి. ముప్పయ్యో షాట్‌కి చేతులు వణుకుతాయి, వణికే చేతులతో ఎవరు మాత్రం కొట్టగలరు? ఇంకో లాభం కూడా ఉంది. రోజుకు వంద షాట్లు ప్రాక్టీసు చేయమని ఎవరూ మనల్ని అడగలేరు. ఒక్క జాగ్రత్త మాత్రం వేళాకోళం కాదు. బారెల్ విరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బారెల్‌ను గట్టిగా పట్టుకోవాలి. లోపల కొక్కెం జారిందంటే బారెల్ మూసుకునే జోరుకు వేళ్లు నలుగుతాయి.

నూనె గురించి కూడా చెప్పాలి. కొత్త వస్తువుకు నూనె వెయ్యకపోతే ఎలా అని మొదటిరోజే ధారాళంగా పోశాను. తొలి షాట్‌కే పటాసులా పేలింది, బారెల్ కొసన నీలంగా పొగ. ఆహా ఏమి శక్తి అని మురిసిపోయి ఇంకో పది కొట్టాను. జరిగిందేమిటంటే, పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికి నూనె అంటుకుంది, డీజిల్ ఇంజిన్లో అంటుకున్నట్టే. దాంతో గాలి పోకుండా ఆపే పిస్టన్ సీల్ పాడైంది. పెల్లెట్ లేకుండా ఊరికే టప్పుమనిపించినా అదే గతి. అడ్డుకోవడానికి మెత్తటి గాలి పరుపు సరిగ్గా ఏర్పడక పిస్టన్ వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాడూ చేసే మొదటి పని అదే, ఎత్తి, ఒక కన్ను మూసి, టప్. రిపేరుకు తిరిగిన రెండు వారాలూ నా గురి మీద ఒక్క విమర్శ కూడా రాలేదు.

స్కోప్, అంటే రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి, విషయంలో సూటిగా చెబుతాను, పెద్దది కొనండి. మామూలు రైఫిల్ స్కోప్‌లలో చాలావాటిని దాదాపు 100 గజాల దూరానికి సరిచేసి పెడతారు. పది మీటర్ల దగ్గర వాటిలోంచి చూస్తే టార్గెట్ చలికాలపు ఉదయంలా కనిపిస్తుంది. పైగా స్ప్రింగు రైఫిల్ ముందుకు కుదిపే కుదుపుకు అలవాటు లేని స్కోప్ లోపలి భాగాలు కొన్నాళ్లకు వదులైపోతాయి. ఎయిర్ రైఫిల్ కోసమే చేసిన, దగ్గరి దూరాలకు సర్దుకునే చిన్న స్కోప్‌లు దొరుకుతాయి. అసలు స్కోప్ లేకుండా, బారెల్ మీదుండే ఇనుప గురితోనే మొదలుపెట్టి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లతో స్నేహం చేయకండి.

గాలి నింపుకునే పీసీపీ రకం నాకు మొదట్లో శత్రువులా కనిపించింది. సిలిండర్లో గాలి ముందే నొక్కి పెట్టి ఉంటుంది, పిస్టన్ ఎగరడం లేదు, కుదుపు దాదాపు లేదు. ఏ పెల్లెట్ ఎక్కడికి పోయినా ఆ నేరం మనదే. కానీ ఓపిగ్గా చూస్తే ఇందులోనూ ఆశ ఉంది. కారు టైర్లో గాలి 32 పీఎస్‌ఐ ఉంటే ఇందులో 200 బార్, అంటే దాదాపు 2,900 పీఎస్‌ఐ. చేతి పంపుతో అంత నింపేసరికి గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తుంది, ఆ గుండెతో గురి ఎక్కడ నిలుస్తుంది? ఈ కష్టం కొత్తది కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న జిరండోని గాలి తుపాకీకి వెనక భాగమే గాలి సీసా. దాన్ని నింపడానికి దాదాపు 1,500 సార్లు పంపు కొట్టేవాళ్లట. కార్బన్ డయాక్సైడ్ గొట్టాలతో నడిచేవి కూడా ఉన్నాయి. చలిలో వాటి ఒత్తిడి పడిపోతుంది, కాబట్టి సాకు ఏడాదిలో కొన్ని నెలలే పనిచేస్తుంది.

4.5 మిల్లీమీటర్లా, 5.5 మిల్లీమీటర్లా అనే చర్చలోకి దిగినవాడు కొన్నాళ్లు రైఫిల్ కొనకుండానే షూటర్‌గా చలామణీ కావచ్చు. నిజానికి తేలిగ్గా తేలిపోయే సంగతి ఇది. 4.5ది తేలిక, సాధారణంగా చవక, దారి తిన్నగా ఉంటుంది. కాగితం మీద కొట్టడానికి అదే, పోటీలకూ అదే సైజు. 5.5 పెల్లెట్ దాదాపు గ్రాము తూగుతుంది, నిదానంగా పోతుంది గానీ తగిలినచోట వెడల్పుగా, బరువుగా తగులుతుంది, అందుకే చిన్న వేటకు దాన్ని ఇష్టపడతారు. ఇంత త్వరగా తేల్చేసినందుకు క్షమించాలి.

పెల్లెట్ల విషయంలో మాత్రం మన సాకు నూటికి నూరుపాళ్లూ నిజం. ప్రతి బారెల్‌కూ ఒక రుచి ఉంటుంది. ఒకే కంపెనీ రైఫిళ్లు రెండు పక్కపక్కన పెట్టినా ఒకదానికి నచ్చింది రెండోదానికి నచ్చకపోవచ్చు. నాలుగైదు రకాలు తెచ్చి, ఒక్కోటి ఐదేసి షాట్లు, బస్తా మీద ఆనించి కొట్టి, ఏది దగ్గరదగ్గరగా పడుతుందో చూడాలి. చదును తల పెల్లెట్ కాగితంలో కత్తిరించినట్టు గుండ్రటి బెజ్జం చేస్తుంది, లెక్కపెట్టడానికి హాయి. గుండ్రటి తలది దూరం పోవడానికి మేలు. కొట్టడం అయ్యాక చేతులు కడుక్కోవాలి, అది సీసం.

చిన్న వేట దగ్గరికొచ్చేసరికి నా సిద్ధాంతం చిక్కులో పడింది. డబ్బాకు మన సాకు చెప్పక్కర్లేదు, చెప్పినా అది వింటూ ఉంటుంది. కుందేలుకు ఏమని చెప్పాలి? దాని తలలో ఒక్క దెబ్బతో ప్రాణం పోయే చోటు రెండున్నర సెంటీమీటర్లకు మించదు. అంగుళం పక్కకు పోయిన పెల్లెట్ కాగితం మీద పోగొట్టుకున్న పాయింట్లు కాదు, పొదలో రెండు రోజులు నరకం. శక్తి పెంచితే ఇది తీరదు. ఇంగ్లండ్‌లో లైసెన్సు లేకుండా ఉంచుకోదగ్గ ఎయిర్ రైఫిల్‌కు హద్దు 12 ఫుట్-పౌండ్లు, దాదాపు 16 జౌళ్లు, ఆపాటి శక్తితోనే అక్కడివాళ్లు కుందేళ్లు కొడుతున్నారు. తెలిసినవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. పొలంలో నిలబడే భంగిమలోనే నిలబడి, ఐదుకు ఐదు పెల్లెట్లూ ఒక నాణెం వెడల్పులో పడేది ఎంత దూరం నుంచో, అదే నీ వేట దూరం. నేను కొలుచుకున్నాను. ఏడు మీటర్లు వచ్చింది. ఏడు మీటర్ల దగ్గరికి నన్ను రానిచ్చే కుందేలు ఏదైనా ఉంటే, దాన్ని పెంచుకోవాలి గానీ కొట్టకూడదు.

అసలు కొట్టవచ్చా అన్నది ఇంకా ముందు చూసుకోవాలి. చట్టాలు దేశానికొకటి. రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేని చోట కూడా, మనం చిన్న జంతువు అని ముద్దుగా పిలిచేది చట్టం దృష్టిలో రక్షిత జీవి అయి ఉండొచ్చు. అక్కడ మద్దెల కథ చెబితే జడ్జిగారు వినరు. టార్గెట్ వెనక మట్టిదిబ్బో, పెల్లెట్‌ను పట్టి ఉంచే పెట్టో లేకుండా కొట్టేవాడి మాటా అంతే.

ఆ మధ్య బాబాయి వచ్చాడు. ఆయన దగ్గర పాత స్ప్రింగు రైఫిల్ ఒకటుంది. ఓ మోస్తరు శక్తి, ఇనుప గురి, మెత్తటి ట్రిగ్గర్, చేతికి బరువుగా ఆనే చెక్క కట్టు. పెట్టె మీద ఏ అంకె ఉండేదో ఆయనకే గుర్తులేదు. నాలుగైదు వందల పెల్లెట్ల డబ్బా ఒకటి అయిపోతే ఇంకోటి తెస్తాడు, ఎప్పుడూ అదే రకం. ఇలాంటి రైఫిల్ కొత్తవాళ్లు కొననే కూడదు, తప్పుకు కారణం చూపించడానికి దాంట్లో ఒక్క లోపమూ దొరకదు.

నా సాకులన్నీ వరసగా విన్నాడు. వేగం, కుదుపు, స్కోప్, ట్రిగ్గర్. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

"ఏదీ, ఇటియ్యి" అన్నాడు.

స్కోప్‌లో జూమ్ మొత్తం తగ్గించాడు. కూర్చుని మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఎడం అరచెయ్యి తెరిచి దాని మీద రైఫిల్‌ను ఊరికే పడుకోబెట్టాడు. పట్టుకోనే లేదు. ఊపిరి వదిలి, సగంలో ఆపాడు. ఐదు పెల్లెట్లు, పది మీటర్లు. కాగితం తెచ్చి చూస్తే ఐదు బెజ్జాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, నా బొటనవేలి గోటి కింద దాక్కున్నాయి.

"బానే ఉందిరా" అన్నాడు రైఫిల్‌ను తిరిగిచ్చి.

"ఇవాళ గాలి లేదు కదా బాబాయ్" అన్నాను.

పక్కనే పడున్న నా కాగితం తీసి చూశాడు. ఆయన రావడానికి పావుగంట ముందు కొట్టింది. "నువ్వు కొట్టినప్పుడుందా?"

"అప్పుడు బాగా వీచింది."

ఆ సాయంత్రమే రైఫిల్‌ను అమ్మకానికి పెట్టాను. నలుగురిలో మాట నిలబెట్టని వస్తువు.