టాప్ ఆర్డర్‌ను కరువు మండలంగా ప్రకటించండి

కరువు వచ్చిందో లేదో అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గాలి వాటం చూసి చెప్పేస్తాం. ఆ అనుభవంతోనే, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను. ఆస్ట్రేలియాలో మన జట్టు 2024-25లో ఆడిన అయిదు టెస్టులు క్రికెట్ కిందికి రావు, రెవెన్యూ కిందికి వస్తాయి. వాటిని విచారించాల్సింది సెలెక్టర్లు కాదు, తహసీల్దార్లు. టాప్ ఆర్డర్‌ను, అంటే ముందుగా బ్యాటింగుకు దిగేవాళ్లను, వెంటనే కరువు మండలంగా ప్రకటించాలి.

తొలకరి బాగానే పడింది, కాదనను. 2024 నవంబరులో పెర్త్‌లో 295 పరుగుల తేడాతో గెలిచాం. జైస్వాల్ 161, కోహ్లీ 100 నాటౌట్. జూన్‌లో మొదటి వాన పడగానే మా ఊళ్లో అప్పు చేసి విత్తనం కొంటారే, నేనూ అట్లాగే ఆవేశపడి మ్యాచ్‌లు చూపించే యాప్‌కు ఏడాది చందా కట్టేశాను. ఇక అంతే. అడిలైడ్‌లో మూడో రోజుకే పది వికెట్ల తేడాతో ఎండిపోయాం. బ్రిస్బేన్‌లో నిజం వాన వచ్చి మ్యాచ్ డ్రా చేసిపోయింది. మాకు పడాల్సిన వాన పోయి పోయి అక్కడ పడిందని ఇప్పటికీ నా బాధ. ఆ పైన మెల్‌బోర్న్, సిడ్నీ. 2017 నుంచి మన బీరువాలో ఉన్న బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ 3-1తో చేయి జారింది.

వర్షపాతం లెక్కలు చూడండి. రోహిత్ అయిదు ఇన్నింగ్స్‌లో 3, 6, 10, 3, 9. మొత్తం 31. ఇవి కెప్టెన్ స్కోర్లంటే ఎవరూ నమ్మరు. ఆగస్టు నెలలో మా మండలం రెయిన్ గేజ్ రీడింగులంటే ఎవరూ అనుమానించరు. కోహ్లీ పెర్త్ సెంచరీ పక్కన పెడితే మిగతా ఎనిమిది ఇన్నింగ్స్‌లో 90 చేశాడు. ఒక్క రోజు కుండపోత, తర్వాత నెలన్నర పొడి గాలి. మాకు అలవాటైన వాతావరణమే. కానీ దాన్ని చూడటానికి తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకోవడం మాత్రం కొత్త.

డిసెంబరు 30, మెల్‌బోర్న్, అయిదో రోజు. గెలవాలంటే 340, పోనీ రోజంతా నిలబడితే డ్రా. బ్యాంకు పని మీద ఊరి నుంచి వచ్చిన మా మామ నా పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా వాన మీద ఆధారపడి బుడ్డలు, అంటే వేరుశనగ, పండిస్తున్న మనిషి. క్రికెట్ కన్నా ఎదురుచూడటం బాగా తెలిసినవాడు. లంచ్‌కు 33 పరుగులకు మూడు వికెట్లు. రోహిత్, రాహుల్ ఒకే ఓవర్లో పోయారు. లంచ్ ముందు కోహ్లీ, మళ్లీ స్లిప్‌లోనే. మామ ఏమీ అనలేదు. ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కుని, మిరపకాయ బజ్జీ కొరుక్కుంటూ కూర్చున్నాడు.

లంచ్ తర్వాత జైస్వాల్, పంత్ సెషనంతా నిలబడ్డారు. టీకి 112కు మూడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. మామ మాత్రం టీవీకి దగ్గరగా జరిగి అన్నాడు: “ఇప్పుడే రా ఊడ దిగేది. ఈ టయానికి తడి ల్యాకపోతే పైన చెట్టు పచ్చగానే ఉంటాది, కింద కాయ ఉండదు.” ఊడ అంటే వేరుశనగ పూత నుంచి నేలలోకి దిగే కాడ, దాని చివరే కాయ కాస్తుంది.

పంత్ ట్రావిస్ హెడ్ బౌలింగ్‌లో గాల్లోకి లేపి లాంగాన్‌లో మార్ష్ చేతికిచ్చాడు. అక్కడి నుంచి 34 పరుగులకు ఏడు వికెట్లు. 155 ఆలౌట్. జైస్వాల్ విషయంలో, బంతి బ్యాటుకు తగిలిందో లేదో శబ్దాన్ని బట్టి చూపే స్నికోలో గీత కదల్లేదు, అయినా ఔటిచ్చారు. ఊరంతా గొడవ చేశారు గానీ నాకు ఆశ్చర్యం కలగలేదు. మా దగ్గర కూడా రెయిన్ గేజ్ ఒక చోట ఉంటుంది, చేను ఇంకో చోట ఉంటుంది. మామ లేచి టవల్ భుజాన వేసుకున్నాడు. “పీకి చూస్తే ఏముంది, ఉత్త ఏర్లు” అని బ్యాంకుకు పోయాడు.

ఆ రోజు సోమవారం, అర్జీలిచ్చే రోజు. మనసాగక ఒక ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసే పెద్దాయన దగ్గరికి పోయి విషయం చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ చెట్టు కింద ఇంతకంటే విచిత్రమైనవి విని ఉంటాడు.

“సర్వే నంబరు?”

“నంబరు లేదన్నా. ఆఫ్ స్టంప్ బయట, నాలుగో స్టంప్ అని రాయి. కోహ్లీ ఎనిమిదిసార్లు పోయింది అక్కడే.”

“స్వాధీనంలో ఎవరున్నారు?”

“బోలండ్ అని ఆస్ట్రేలియా బౌలరు ఒకాయన. కోహ్లీ ఒక్కడి మీదే నాలుగు కోతలు కోసుకున్నాడు.”

“చెక్కుబందీ చెప్పు.”

“ఉత్తరాన బౌలరు, ఆగ్నేయాన స్లిప్పులు, దక్షిణాన కీపరు.”

ఆయన కలం ఆపాడు. “దక్షిణమా? యముడి దిక్కు. సరిపోయింది. నష్టమెంత? 33 శాతం దాటితేనే ఇన్‌పుట్ సబ్సిడీ.”

“పదిలో ఏడన్నా. డెబ్బై శాతం. అదీ ఒక్క సెషన్లో.”

“ఇన్సూరెన్సు కట్టినావా?”

“యాప్‌కు చందా కట్టినా.”

“అది ప్రీమియం కింద రాదప్పా” అని కాగితం నా చేతిలో పెట్టి యాభై రూపాయలు తీసుకున్నాడు.

ఆ అర్జీలో ఒక అనుబంధం ఉంది. అది మన ప్రధాన బౌలరు బుమ్రా గురించి. ఊరికంతా ఒక్కటే బోరుంటే ఏమవుతుందో మాకు తెలుసు. 32 వికెట్లు, సగటు 13. కొత్త బంతికి అదే బోరు, పాత బంతికి అదే బోరు, స్మిత్ నిలబడితే అదే, హెడ్ కొడుతుంటే అదే. సిరాజ్ పాపం అడపాదడపా పోశాడు గానీ ఊరి దాహం తీరేది బుమ్రాతోనే. సిరీస్‌లో 150 ఓవర్లకు పైగా తోడారు. సిడ్నీలో వెన్ను పట్టేసింది. చివరి ఇన్నింగ్స్‌లో 162 కాపాడుకోవాల్సిన పూట స్విచ్ వేస్తే మోటారే తిరగలేదు. ఆస్ట్రేలియా ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. మా దగ్గరైతే పక్కన ఇంకో రెండు బోర్లు వేసేవాళ్లం. అవి ఎండిపోయినా అప్పు మాత్రం మిగిలేది, అది వేరే సంగతి.

న్యాయంగా ఒక మాట రాయాలి. కోస్తాకే నీళ్లన్నీ పోతాయని కోప్పడే మేము ఆ సిరీస్‌లో విశాఖ నుంచి వచ్చిన నీళ్లే తాగాం. మెల్‌బోర్న్ మొదటి ఇన్నింగ్స్‌లో నితీష్ కుమార్ రెడ్డి 99 దగ్గర ఉండగా బుమ్రా డకౌటయ్యాడు. చివరి మనిషి సిరాజ్ కమిన్స్‌ను మూడు బంతులు ఎదుర్కోవాలి. ఆ మూడు బంతులూ మా ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. సిరాజ్ ఆపాడు. తర్వాత నితీష్ బోలండ్‌ను నేరుగా ఫోర్ కొట్టాడు. ఎనిమిదో స్థానంలో వచ్చి 114. చేను గట్టు మీద తనంతట తాను మొలిచిన చెట్టుకు కాయ కాసినట్టు, దున్ని ఎరువేసిన చేనంతా బీడుగా ఉండగా.

ఇక ప్రభుత్వ స్పందన. మా జిల్లాకు కరువు చూడటానికి బృందం వస్తే రోడ్డు పక్కన కారాపి, నాలుగు చెట్లు పీకి, ఫొటోలు దిగి పోతుంది. క్రికెట్ బోర్డు కూడా అట్లాగే చూసింది. 2025 జనవరిలో పది పాయింట్ల నిబంధనలు బయటికి వచ్చాయి. పెద్ద పర్యటనలో కుటుంబం రెండు వారాలే ఉండాలట. అనుమతి లేకుండా సొంత వంటవాళ్లు కుదరదట. ఆటగాడి సామాను 150 కిలోలు దాటకూడదట. క్వింటాన్నర! బంతి ఆఫ్ స్టంప్ బయటికి పోతుంటే దాని వెంట బ్యాటెందుకు పోయిందని మేమడిగితే, వాళ్లు సూట్‌కేసు తూకం వేశారు. వాన రాలేదని అర్జీ పెట్టుకుంటే కాటా సరిచూసి పోయినట్టుంది.

దేశవాళీ ఆడి తీరాలన్న పాయింటు మాత్రం నచ్చింది. అది మేము సెప్టెంబరులోనే చెప్పాం, నోటితో కాదు, గ్రౌండుతో. 2024 దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు చాలావరకు మా ఆర్డీటీ స్టేడియంలోనే జరిగాయి. శ్రేయస్ వచ్చాడు, రుతురాజ్ వచ్చాడు. రోహిత్, కోహ్లీ రాలేదు. మా వానకూ అదే అలవాటు, బెంగళూరు దాకా వచ్చి ఆగిపోతుంది. అయినా బెంగళూరులో మాత్రం ఏం కురిసింది? అక్టోబరులో న్యూజిలాండ్ మీద 46కు ఆలౌట్.

అర్జీకి జవాబు రాలేదు. 2025లో, జూన్‌కు ముందు ఊరికి పోయాను. మామ ఇంట్లో మూలన విత్తనానికని తీసిపెట్టిన బుడ్డల మూట కనిపించింది. పోయిన ఏడు పెట్టిన డబ్బు కూడా చేతికి రాలేదు.

“మళ్లీ బుడ్డలేనా మామా? కందులన్నా వెయ్యకూడదా?”

మామ వినిపించుకోలేదు. “జూన్‌లో ఇంగ్లండుకు పోతాండారంట గదరా. ఎన్ని గంటలకు మొదులయ్యేది?”

“మధ్యాన్నం మూడున్నరకు మామా.”

వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. “అయితే పర్లేదు. పొద్దున్నే విత్తుకోని వచ్చేస్తా. టీవీ పెట్టి ఉండు.”