గో, వెంట్, గాన్: బట్టీ పట్టిన పట్టిక వెనుక పాత ఇంగ్లిష్

తెలుగు మాధ్యమంలో చదువుకున్న వారిలో 'వి వన్, వి టూ, వి త్రీ' పట్టికను బట్టీ పట్టనివారు అరుదు. గో, వెంట్, గాన్. సింగ్, స్యాంగ్, సంగ్. బ్రింగ్, బ్రాట్, బ్రాట్. ఎందుకిలా అని అడిగిన పిల్లవాడికి దొరికే సమాధానం ఒక్కటే: 'అవి ఇర్రెగ్యులర్, గుర్తుపెట్టుకోవాలి'. ఈ సమాధానంలో అబద్ధం లేకపోయినా, అది ఆ భాష చరిత్రను తలకిందులు చేసి చెబుతుంది. ఇవాళ క్రమం తప్పినట్టు కనిపించే క్రియల్లో చాలా భాగం, 5వ శతాబ్ది నడుమ నుంచి సుమారు 1100 దాకా ఇంగ్లండులో మాట్లాడిన పాత ఇంగ్లిష్‌లో పక్కా క్రమంలో నడిచినవే. ఆ క్రమాన్ని అందుకోవడానికి కావలసిన సరంజామా సగటు ఇంగ్లిష్‌వాడి దగ్గర కంటే తెలుగువాడి దగ్గరే ఎక్కువగా ఉందన్నది నా అభిప్రాయం.

ముందుగా 'ఉండు' అనే అర్థమున్న క్రియనే తీసుకుందాం. ఈజ్, బీ, వాజ్ అనే మూడు రూపాలకు ఒకదానితో ఒకటి పోలికే లేదు, ఎందుకంటే అవి మూడు వేర్వేరు ధాతువుల నుంచి వచ్చి ఒకే క్రియగా అతుక్కున్నాయి. 'ఈజ్' సంస్కృత 'అస్తి'కి దాయాది, 'బీ' 'భవతి'కి దాయాది. 'వాజ్' మాత్రం 'నివసించు' అనే అర్థమున్న 'వసతి'కి దాయాది, అంటే 'అక్కడ ఉన్నాడు' అనే మాటలో ఒకప్పుడు 'అక్కడ బస చేశాడు' అన్న భావం ఉండేది. అస్తిత్వం, భవిష్యత్తు, నివాసం అనే మాటలు రోజూ వాడే తెలుగు పాఠకుడికి ఈ మూడు ధాతువులూ ఎప్పటినుంచో పరిచయమే. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఉన్న చుట్టరికాన్ని బ్రిటిష్ న్యాయమూర్తి విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించినప్పుడు, ఇంగ్లిష్, జర్మన్ భాషలు చెందిన జర్మానిక్ శాఖకు కూడా అదే పుట్టుక ఉండవచ్చని సూచించాడు. అయితే ఈ బంధుత్వం మనకు అరువుగా వచ్చిన తత్సమాల ద్వారానే అందింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల కుదురుకు చెందినదని మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్, కాంప్‌బెల్ అనే దొర కూర్చిన తెలుగు వ్యాకరణానికి 1816లో రాసిన ఉపోద్ఘాతంలో తేల్చి చెప్పాడు. అందుకే 'రాయడం' అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ క్రియ 'వ్రీటన్'ను చూసి మన 'వ్రాయు' గుర్తుకొచ్చి ఎవరైనా మురిసిపోతే, అది కాకతాళీయమేనని చెప్పక తప్పదు. వ్రీటన్‌కు అసలు అర్థం గీరడం, చెక్కడం. చెక్క మీదా రాతి మీదా అక్షరాలు చెక్కిన కాలపు మాట అది.

సింగ్, స్యాంగ్, సంగ్ సంగతి ఇంకా ఆసక్తికరం. అచ్చును మార్చి కాలాన్ని మార్చే ఈ పద్ధతికి మూలం, సంస్కృతంలో విద్ నుంచి 'వేద', బుధ్ నుంచి 'బోధ' వచ్చే పద్ధతికి మూలం ఒక్కటే. మన బడిపిల్లలు గుణసంధి పేరుతో ఆ మార్పుల ఛాయను నేర్చుకునే ఉంటారు. పాత ఇంగ్లిష్‌లో 'నాకు తెలుసు' అనడానికి 'వాట్', 'మాకు తెలుసు' అనడానికి 'విటొన్' అనేవారు. సంస్కృతంలో అవే అర్థాలకు 'వేద', 'విద్మ' ఉన్నాయి. ఏకవచనంలో అచ్చు బలపడటం, బహువచనంలో తగ్గడం రెండు భాషల్లోనూ ఒకే తీరుగా కనిపిస్తుంది. ఇంకో విశేషం, రూపాన్ని బట్టి చూస్తే ఇవి గతాన్ని చెప్పే క్రియలు, అర్థంలో మాత్రం వర్తమానం. 'చూశాను' అన్నది 'కాబట్టి తెలుసు' అనే దగ్గర స్థిరపడింది. 'క్యాన్' కూడా ఈ కోవకు చెందినదే. దాని పాత అర్థం 'తెలిసి ఉండు', దాని దాయాది మన 'జ్ఞానం'లోని 'జ్ఞా' ధాతువు. చేయడం తెలిసినవాడే చేయగలవాడు అన్న తర్కంతో 'తెలుసు' కాస్తా 'గలను' అయింది. 'కుడ్'లో పలకని 'ఎల్' అక్షరం మాత్రం దానికి పుట్టుకతో వచ్చింది కాదు, 'వుడ్', 'షుడ్' పక్కన నిలబడి అంటించుకున్నది.

అర్థాలు మారిన తీరు చూస్తే మరికొన్ని ఆశ్చర్యాలు ఎదురవుతాయి. పరలోక ప్రార్థనలో 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' అనే చోట పాత ఇంగ్లిష్ సువార్తలో ఉన్న క్రియ 'సెల్లన్', అంటే నేటి 'సెల్'. దేవుణ్ణి రొట్టె అమ్మమని ఎవరూ అడగలేదు, అప్పట్లో ఆ క్రియకు 'ఇవ్వడం, చేతికి అందించడం' అనే అర్థం. 'స్టార్వ్' అంటే మొదట కేవలం చనిపోవడం, జర్మన్ భాషలో దాని దాయాదికి నేటికీ అదే అర్థం. ఇంగ్లిష్‌లో 'డై' స్కాండినేవియన్ల పలుకుబడి నుంచి వచ్చి స్థిరపడేసరికి, 'స్టార్వ్' ఉత్తరాది మాండలికాల్లో చలికి గడ్డకట్టడంగా, మిగతా చోట్ల ఆకలితో చావడంగా కుంచించుకుపోయింది. 'టెల్' అంటే లెక్కపెట్టడం కూడా. బ్యాంకు కౌంటరులో కూర్చునే టెల్లర్ పేరులో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. మన 'ఎంచు'లో లెక్కా తలపోతా రెండూ ఇమిడి ఉన్నట్టే ఇదీనూ. 'రీడ్' అంటే సలహా చెప్పడం, చిక్కుముడి విప్పడం. పొడుపుకథను సూచించే 'రిడిల్' దాని సంతానమే. 978లో గద్దెనెక్కిన ఎథెల్‌రెడ్ రాజు పేరుకు 'ఉత్తమమైన సలహా' అని అర్థం కాగా, తరువాతివారు అతనికి 'సలహా లేనివాడు' అనే ఎకసెక్కపు బిరుదు తగిలించారు. 'రీడ్' పాత అర్థం మరుగున పడ్డాక ఆ బిరుదు 'సిద్ధంగా లేనివాడు' అన్నట్టు వినిపించడం మొదలై, పాపం ఆ రాజు రెండోసారి అభాసుపాలయ్యాడు.

వీటన్నిటికంటే తెలుగు పాఠకుణ్ణి నిలబెట్టి ఆలోచింపజేయవలసినది వాక్యనిర్మాణం. 'నాకు అనిపిస్తోంది', 'నాకు నచ్చింది', 'నాకు కల వచ్చింది' అనే వాక్యాల్లో 'నేను' కర్త కాదు, అనుభవం వచ్చి చేరే చోటు మాత్రమే. ఇంగ్లిష్‌లో ఇలా కుదరదని, 'ఐ' అని మొదలుపెట్టాల్సిందేనని మన ఉపాధ్యాయులు దిద్దుతారు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌వాడికి మాత్రం మన పద్ధతే సహజం. 'లీకియన్', అంటే నేటి 'లైక్', ఇష్టపడటాన్ని చెప్పేది కాదు, 'నచ్చడం' అనే అర్థంలో ఉండేది. నచ్చిన వస్తువు కర్త, మనిషి చతుర్థిలో ఉండేవాడు. కల కన్న సంగతి చెప్పడానికీ 'నాకు' అనే రూపమే వాడేవారు. ఆలోచించడానికి 'థెంచన్', అనిపించడానికి 'థ్యుంచన్' అనే రెండు వేర్వేరు క్రియలుండేవి. రెండోదాని ఆనవాలు పాత నాటకాల్లో వినిపించే 'మీథింక్స్', అంటే అచ్చంగా 'నాకనిపిస్తోంది'. ఉచ్చారణ దగ్గరపడి ఈ రెండూ ఒకటైపోవడంతో, అనిపించడం అనేది ఆలోచించడంలో కలిసి మాయమైంది. నా లెక్కలో ఇది ఆ భాషకు చిన్న నష్టం కాదు.

ఈ నిర్మాణం ఎందుకు పోయిందో కూడా తెలుసు. పాత ఇంగ్లిష్ నామవాచకాలకు ఉన్న విభక్తి ప్రత్యయాలు క్రమంగా అరిగిపోయాయి. 'రాజుకు పండ్లు నచ్చాయి' అనే వాక్యంలో 'కు' రాలిపోతే, ముందు నిలబడిన రాజే కర్తలా కనిపిస్తాడు. తరువాతి తరాలవారు దాన్ని 'రాజు పండ్లను ఇష్టపడ్డాడు' అని అర్థం చేసుకున్నారు, అలా వినగా వినగా క్రియ అర్థమే తిరగబడింది. మన 'కు' అరగలేదు కాబట్టి మనకు 'నచ్చడం', 'ఇష్టపడటం' రెండూ వేర్వేరుగా మిగిలాయి.

కొత్త క్రియలు తీసుకునే విషయంలోనూ ఒక పోలిక ఉంది. గతాన్ని చెప్పే 'ఎడ్' ప్రత్యయం, 'చేయు' అనే అర్థమున్న 'డూ' క్రియ భూతకాల రూపమే అరిగి అతుక్కున్నదని చాలామంది భాషావేత్తలు భావిస్తారు. అదే నిజమైతే, 'లవ్డ్' అనే మాట పుట్టుకకూ, మనం 'లవ్ చేశాడు', 'ఫోన్ చేశాడు', 'గూగుల్ చేశాడు' అనడానికీ పెద్ద తేడా లేదు. అచ్చు మార్చే పాత యంత్రం పనిచేయని చోట, ఏ మాటకైనా 'చేయు'ను తగిలించుకోవడం సులువైన దారి. 1066లో ఇంగ్లండును జయించిన నార్మన్ల ఫ్రెంచి నుంచి ఆ తరువాత వచ్చిపడిన క్రియలు దాదాపుగా ఈ దారినే నడిచాయి, పాతవి కూడా ఒక్కొక్కటే వెనకే వచ్చాయి. ఒకప్పుడు 'హోల్ప్' అయిన 'హెల్ప్' భూతకాలం ఇవాళ 'హెల్ప్డ్'. హార్వర్డ్ పరిశోధకులు 2007లో నేచర్ పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం, పాత ఇంగ్లిష్‌లో నేటి కొలత ప్రకారం ఇర్రెగ్యులర్ అనదగిన 177 క్రియల్లో 98 మాత్రమే నేటికీ అలా నిలిచాయి. వాడుక ఎంత ఎక్కువైతే ఆయుష్షు అంత ఎక్కువ. వంద రెట్లు తక్కువగా వినబడే క్రియ పది రెట్లు వేగంగా 'ఎడ్' గుంపులో చేరిపోతుంది. ఎక్కువగా వాడే పది క్రియలూ ఇర్రెగ్యులర్‌గానే మిగలడం కూడా ఈ కారణంగానే. రోజుకు వందసార్లు నోట నలిగే మాటను మరచిపోయి సరిదిద్దే అవకాశం ఎవరికీ రాదు. తెలుగు పిల్లవాడు ఆ పట్టికలో మొదట బట్టీ పట్టేది కూడా ఇలాంటి క్రియలనే.