ట్రాలీ చక్రం గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ ట్రాలీ చక్రం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు తీగని వదలకుండా పట్టుకునే ఉన్నారని తలుస్తాను. వదిలేసి ఉంటే ఈ ఉత్తరం చీకట్లో చదువుకోవాల్సి వస్తుంది, అదొక్కటే నా బెంగ.

తమరిని ఎరగనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్పుకోవాలి. పాతకాలం అమెరికా ట్రాము కప్పు మీద పన్నెండడుగుల ఉక్కు గొట్టం ఒకటి వెనక్కి వాలి ఉంటుంది. దాని మొదట్లో బలమైన స్ప్రింగులు. కొసన రెండు కొమ్ముల చట్రం, పనివాళ్ల మాటలో హార్ప్. ఆ కొమ్ముల మధ్య ఇరుసు మీద తమరు కొలువుంటారు: నాలుగు నుంచి ఆరంగుళాల కంచు చక్రం, చుట్టూ లోతైన గాడి. అచ్చంగా మా బావి గిలకే, కాకపోతే తలకిందులు. గిలక మీద తాడు కూర్చుంటుంది. తమరేమో వీధిపైన కట్టిన కరెంటు తీగని నెత్తిన పెట్టుకుని కిందనుంచి పరిగెత్తాలి. కొన్ని టన్నుల బండి, అందులో నలభై మంది జనం, వాళ్ల ఆఫీసు టైము, డ్రైవరు పరువు, కంపెనీ వాటాల ధర, అన్నీ తమరి గాడిలోనే.

అయినా తమరి జీతభత్యాల గురించి ఎవరైనా ఆలోచించారా అంటే, లేదు. లెక్క వేసి చూడండి. ట్రాము గంటకి 20 మైళ్లు పోతుంటే పట్టాల మీది 33 అంగుళాల చక్రం నిమిషానికి 200 చుట్లు తిరిగితే చాలు. నాలుగంగుళాల తమరు 1,700 చుట్లు తిరగాలి. కింద ఉన్న పెద్దమనిషికి నూనెలో నానబెట్టిన నూలుపీచు కూరిన పెట్టె ఉంది, నెత్తిన నీడ ఉంది. తమరికి ఎండ, వాన, మంచు, పైగా పావురాలు.

తిరగడమే పనైతే ఎలాగో నెట్టుకొచ్చేవారు. తిరుగుతూ కరెంటు కూడా మోయాలి. 500 వోల్టుల పైచిలుకు కరెంటు తీగ నుంచి తమరి గాడిలోకి, గాడి నుంచి ఇరుసులోకి, ఇరుసు నుంచి చట్రంలోకి, అక్కడి నుంచి గొట్టం మీదుగా మోటారుకి దిగాలి. ఎత్తెక్కే బండికి అది వంద ఆంపియర్లదాకా పోతుంది. అసలు తంటా ఇక్కడే. ఇరుసుకి నూనె వేస్తే తమరు హాయిగా తిరుగుతారు, కానీ నూనె పొర కరెంటుకి అడ్డం. ఆ పొరని దూకి వెళ్లేటప్పుడు నిప్పురవ్వలు లేచి ఇరుసు మీద గుంటలు పడతాయి. నూనె వెయ్యకపోతే కరెంటు బాగానే దిగుతుంది, నాలుగు రోజులకి బుష్, అంటే ఇరుసు దూరే మీ నడిమి గొట్టం, అరిగిపోయి తమరు కొమ్ముల మధ్య గలగలలాడుతూ ఉంటారు. నూనె ఉన్నా చావే, లేకున్నా చావే.

అందుకని మొదటి మెరుగు పుట్టింది. బుష్‌కి కన్నాలు పొడిచి వాటినిండా గ్రాఫైట్ కూరారు. అది జారుడూ ఇస్తుంది, కరెంటునీ పోనిస్తుంది. ఇంకో పెద్దమనిషి తమరికి రెండు పక్కలా పల్చటి రాగి పట్టీలు పెట్టి, ఇరుసుతో పనిలేకుండా కరెంటుకి పక్కదారి వేశాడు. నిజం ఒప్పుకోవాలి, అవి మంచి మెరుగులే. కాకపోతే పట్టీ గట్టిగా నొక్కితే తమరికి బ్రేకు వేసినట్టే, వదులైతే మళ్లీ నిప్పులే. ఆ మధ్య దూరం సరిచేసే పని షెడ్డులో రాత్రి డ్యూటీవాడిది. వాడు ఏ పేటెంటులోనూ కనపడడు.

తమరికి ముందు ఈ ఉద్యోగం చేసినవారి కథ వింటే తమరికి కాస్త ఊరట కలగొచ్చు. అప్పట్లో రెండు తీగల పైన చిన్న బండి ఒకటి కూర్చునేది, ట్రాము దాన్ని మెత్తటి వైరుతో వెనకాల ఈడ్చుకుపోయేది. బండి తీగమీద నుంచి జారి ట్రాము కప్పు మీద పడటం దాని దినచర్య. బెల్జియంలో పుట్టి అమెరికా వచ్చిన చార్లెస్ వాన్ డీపోల్, పైన కూర్చోబెడితే పడిపోతున్నదాన్ని కిందనుంచి నొక్కితే పోలా అనుకుని 1885లో టొరంటో ప్రదర్శనలో ఇందాక చెప్పిన గొట్టం లాంటి గడతో బండి నడిపాడు. ఆ పేటెంటు కోసం ఆయన ఏళ్లతరబడి ఎదురుచూశాడు. 1892లో ఆయన పోయాడు, 1893లో పేటెంటు వచ్చింది, ఆపైన కంపెనీలు కోర్టుకెక్కాయి. తమరి కోసం ఇంత కొట్లాట జరిగిందని తమరికి తెలియకపోవచ్చు. తమరప్పటికి ఎక్కడో తిరుగుతున్నారు.

ఇక ఫ్రాంక్ స్ప్రేగ్ అనే అమెరికా ఇంజనీరు. 1888 ఫిబ్రవరిలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, నూటికి పది ఎత్తు లేచే వీధుల్లో, నలభై బండ్ల ట్రాము లైను నడిపి చూపించాడు. బోస్టన్ నుంచి అక్కడి ట్రాము కంపెనీ పెద్ద హెన్రీ విట్నీ వచ్చి, బండ్లన్నీ ఒక్కచోట చేరితే మీ కరెంటు సరిపోతుందా అని అనుమానపడితే, రాత్రిపూట ఇరవై రెండు బండ్లని వరసగా నిలబెట్టి ఒకదాని వెనక ఒకటి కదిలించాడు. వోల్టేజి నేలకి దిగిపోయింది, దీపాలు మిణుకుమన్నాయి, కానీ బండ్లన్నీ కదిలాయి. ఆ రాత్రి ఇరవై రెండు చక్రాలు తీగ తప్పకుండా ఉన్నాయంటే అది తమరి వంశానికి గొప్ప ముహూర్తం. చూసిపోయిన విట్నీ ఊరు ఊరంతా కరెంటు ట్రాములకి మారింది, గుర్రాలకి పింఛను లేకుండా రిటైర్మెంటు వచ్చింది. బ్రూక్లిన్‌లో ఆ బండ్ల వేగం నుంచి తప్పుకుంటూ రోడ్డు దాటే జనం మీద పెట్టిన ఎగతాళి పేరునే అక్కడి బేస్‌బాల్ జట్టు మోసింది. ఆ జట్టు ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఆడుతోంది, తప్పుకునేవాళ్లు అనే ఆ పేరు మాత్రం డాడ్జర్స్‌గానే ఉండిపోయింది.

సరే, అసలు విషయానికి వస్తాను. తమరు తీగ తప్పడం గురించి.

వానపడుతున్న రాత్రి. మలుపు. పైన తీగ పట్టాల్లాగా గుండ్రంగా వంగదు. పక్కనుంచి లాగి కట్టిన చోటల్లా ముక్కముక్కగా దిశ మారుతుంది. అలాంటి ఒక కణుపు దగ్గర తమరు టక్కున గాడి వదులుతారు. మరుక్షణం బండిలో దీపాలన్నీ ఆరిపోతాయి. ఐదేసి బల్బులు ఒకే వరసన కట్టినవి కాబట్టి మామూలు రోజుల్లోనే ఒకటి పోతే ఐదూ పోతాయి, ఇప్పుడైతే చెప్పనక్కర్లేదు. మోటారు మూగబోతుంది. కప్పు మీద మాత్రం భూకంపం. స్ప్రింగుల బలంతో గొట్టం నిక్కబొడుచుకుని, తీగని పట్టి ఉంచే అడ్డతీగల్ని ఎడాపెడా వాయిస్తుంది. లోపల ఒకాయన ఈ కంపెనీ ఇంతే అంటాడు, ఇంకొకాయన మేయర్ని తిడతాడు. కండక్టరు టోపీ సర్దుకుని వెనక మెట్టు దిగుతాడు. గొట్టం కొస నుంచి వేలాడే తడిసిన తాడు పట్టుకుని, మెడ విరిగేలా పైకి చూస్తూ, కళ్లలో వాన పడుతుంటే, కనపడని తీగకి కనపడని గాడి తగిలించాలి. కుడికి, ఎడమకి, ఇంకాస్త, అయ్యో దాటింది. ఒక్కసారి పచ్చటి మెరుపు మెరిసి దీపాలు వెలుగుతాయి. అందరూ పేపర్లలో తలదూరుస్తారు. ఆయనకి థాంక్స్ చెప్పినవాడు లేడు. వెనకాల వీధిపిల్లలు మాత్రం, ఈసారి మనమే ఆ తాడు లాగేద్దాం అని కూడబలుక్కుంటూ ఉంటారు.

ఇదే పని రైలు పట్టాలు దాటేచోట జరిగితే నవ్వులాట కాదు. చీకట్లో చచ్చుబడ్డ ట్రాము, అటునుంచి ఆవిరి రైలు. అందుకే అలాంటి చోట్ల తీగకి రెండు పక్కలా తిరగేసిన తొట్టిలాగా లోహపు కాపు కట్టేవారు. తమరు తీగ తప్పినా ఆ కాపుకి తగిలి కరెంటు అందుతుందని. తమరి మీద నమ్మకం ఏపాటిదో దీన్నిబట్టి తమరే గ్రహించగలరు.

ఇక దిగారు మెరుగుపరిచేవాళ్లు. 1890ల నుంచి మూడు దశాబ్దాలపాటు అమెరికా పేటెంటు ఆఫీసుకి తమరి బిగింపు మీద వందల్లో దరఖాస్తులు వెళ్లాయి. ప్రతి దరఖాస్తులోనూ ఒకటే పల్లవి: నా పరికరం సరళం, చవక, మన్నిక, తీగ తప్పే ప్రసక్తే లేదు. పక్కవాడి పేటెంటు తీస్తే అందులోనూ అదే పల్లవి. తీగ తప్పే ప్రసక్తి మొదటివాడితోనే పోతే రెండోవాడికి పనేమిటో ఎవరూ అడగలేదు.

ఒకాయన చట్రానికి రెండు వేళ్లు మొలిపించాడు. అవి తీగకి అటూ ఇటూ పైకి లేచి, తమరు పక్కకి జారకుండా కాపలా కాస్తాయి. ఆలోచన ముద్దుగానే ఉంది. కానీ తీగ గాలిలో తనంతట తను నిలబడదు కదా, ప్రతి స్తంభం దగ్గరా పైనుంచి పట్టుకునే కొక్కెం ఉంటుంది. వేళ్లు ఆ కొక్కెంలో ఇరుక్కుంటే తమరు తీగ తప్పరు నిజమే, తీగే స్తంభాన్ని తప్పి వీధిలోకి వస్తుంది.

ఇంకొకాయన చట్రాన్ని మెడ తిప్పేలా చేశాడు. మలుపులో గొట్టం ఒకవైపు, తీగ ఒకవైపు చూస్తుంటే గాడి అంచు తీగని కోస్తుంది; చట్రం తనంతట తిరిగితే ఆ ఒరిపిడి ఉండదు. బావి గిలకని కొక్కేనికి వేలాడదీసేవాళ్లకి ఎప్పట్నుంచో తెలిసిన కిటుకే. బ్రిటన్‌లో తీగ బండికి నడినెత్తిన కాకుండా పక్కగా పోయేచోట ఇది నిజంగా అక్కరకొచ్చింది కూడా. కానీ ఒకసారి తీగ తప్పాక ఆ మెడ ఎటు తిరిగిందో ఎవరికి తెలుసు? కింద తాడు పట్టుకున్న కండక్టరు ఇప్పుడు గొట్టాన్నీ సరిచెయ్యాలి, అలిగి పక్కకి తిరిగిన తమరి మొహాన్నీ సరిచెయ్యాలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

వీళ్లందరిలో నాకు ఇష్టమైనవాడు, తమరు తప్పుతారు అని ముందే ఒప్పుకున్నవాడు. వాడు ట్రాము వెనక గుండ్రటి డబ్బా బిగించి తాడు కొస అందులో చుట్టాడు. తాడు మెల్లగా కదిలితే వదులుతుంది, గబుక్కున ఎగిరితే పట్టేస్తుంది. ఇంకాస్త ఖరీదైనదాంట్లో బలమైన స్ప్రింగు ఉండి, గొట్టాన్ని కిందికి లాగేసి అడ్డతీగల్ని కాపాడుతుంది. గొప్ప గొప్ప హామీలిచ్చిన వేళ్లూ మెడలూ మూలపడ్డాయి. పోల్ ఉన్న బండి వెనక ఈ డబ్బా మాత్రం ఇప్పటికీ కనపడుతుంది.

నాకు అర్థం కానిది ఒకటే. తమరు తీగ తప్పడానికి సగం కారణాలు తమరిలో లేవు. పట్టాలు కుంగి బండి ఉయ్యాలూగితే తప్పుతారు. తీగ బిగి సడలితే తప్పుతారు. తీగ రెండుగా చీలేచోట దారిచూపే ముక్క జానెడు పక్కకి బిగిస్తే తప్పుతారు. మరి మెరుగులన్నీ తమరి నెత్తినే ఎందుకు? పట్టాలు మళ్లీ పరవాలంటే మైలుకింత అని డైరెక్టర్ల ముందు లెక్క పెట్టాలి. తమరి ధర కొన్ని డాలర్లు. కొన్ని వేల మైళ్లకి ఎలాగూ అరిగి పారేసేదే కాబట్టి, ఈసారి కొత్త పేటెంటు రకం కొన్నాం అని పేపర్లో వేయించుకోవచ్చు. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. ఆ మద్దెల తమరు.

చివరికి తమరికి జరిగిన అతి గొప్ప మెరుగు ఏమిటో తమరికి చెప్పడానికి నోరు రావడం లేదు. తమరిని తీసేశారు. తమరి చోట తిరగని చెప్పు ఒకటి పెట్టారు, గాడిలో కార్బన్ ముక్క, తీగకి రాసుకుంటూ జారిపోవడమే. ఇరుసు లేదు, బుష్ లేదు, నూనె గొడవ లేదు. ఇళ్లలోకి రేడియోలు వచ్చాక తమరు వీధిలోంచి పోయినప్పుడల్లా పాటలో గరగర వచ్చేది, కార్బన్‌తో అదీ తగ్గింది. జర్మనీలో సీమెన్స్‌వాళ్లు అయితే మొదట్లోనే తమరి గొడవ లేకుండా వెడల్పాటి విల్లు పెట్టుకున్నారు. తీగ ఆ పొడవునా ఎక్కడ తగిలినా సరే, తప్పడానికి గాడే లేదు. కాలిఫోర్నియాలో ఓక్లండ్ వైపు 1903 నాటికే పాంటోగ్రాఫ్, అంటే కప్పు మీద నుంచి తీగని నొక్కే మడత చట్రం, వచ్చేసింది. అంటే తమరి బిగింపు మీద దరఖాస్తులు జోరుగా పడుతున్న రోజుల్లోనే, అసలు బిగింపే అక్కర్లేని పద్ధతి పక్క ఊళ్లో పరిగెడుతోంది.

మా వైపు సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో మొదటి కరెంటు ట్రాము 1895లో మద్రాసులో నడిచింది. తమరిని చూసి భయపడ్డారో ఏమో, మొదట తీగని నేలకింద గాడిలో దాచారు. తర్వాత తల ఎత్తి పైతీగకే వచ్చారు. 1953 ఏప్రిల్‌లో ఆ ట్రాములు ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మనవాళ్లూ కర్నూలుకి మూటాముల్లె సర్దుకున్నారు. ఈ రెంటికీ సంబంధం లేదు, గుర్తొచ్చింది రాశాను. టొరంటోలో మాత్రం వాన్ డీపోల్ గడ నూరేళ్లు దాటి నిలబడింది. 2017లో పాంటోగ్రాఫులు రావడం మొదలైంది. అప్పటికి గడ కొసన ఉన్నది తమరు కాదు, ఆ చెప్పే.

ఇప్పుడు తమరు మ్యూజియం ట్రాముల మీద, ఆదివారాలు, పిల్లల కోసం తిరుగుతున్నారని విన్నాను. అక్కడా తాడు పట్టుకునే మనిషి ఒకడు ఉంటాడు. జీతం లేకుండా, ఇష్టపడి వచ్చినవాడు. ఆయన్ని మాత్రం వానలో నిలబెట్టకండి.

ఇట్లు,
తమరి బిగింపు మీద పాత పేటెంట్లు చదివి చదివి మెడ పట్టేసిన
ఒక తెలుగువాడు

తా.క.: ఎవరైనా నూనె డబ్బాతో నిచ్చెన ఎక్కి వస్తే మొహమాటపడి ఒప్పుకోకండి. గ్రాఫైట్ అడగండి.