లేని సినిమాకు పదికి ఎనిమిది

ఒక సైటులో ఎవరో మహానుభావుడు ‘కిస్ మీ ఎగైన్’కి పదికి ఎనిమిది మార్కులేశాడు. 1925లో ఎర్నెస్ట్ లూబిట్ష్ తీసిన మూకీ అది. దాని ప్రింటు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎక్కడా అంటే ఎక్కడా. అయినా ఎనిమిది! ఆ రెండు మార్కులు ఎందుకు కోశాడో తెలుసుకోవాలని నాకు మహా ఆత్రంగా ఉంది.

బహుశా సెకండాఫ్ లాగ్ అయ్యుంటుంది. భార్య ఒక సంగీతకారుడి మీద మనసు పడుతుంది. భర్త గొడవ పడకుండా ‘విడాకులే కదా, తీసుకో’ అంటాడు. దాంతో ఆవిడకి ప్రియుడి మీద మోజు కాస్తా దిగిపోతుంది. అక్కడిదాకా స్క్రీన్‌ప్లే పరుగులే. లాయరు సీన్లొచ్చేసరికి కొంచెం డల్. నటి క్లారా బో ఉంది కాబట్టి నెట్టుకొచ్చింది. బీజీఎం ప్రాణం పోసింది (హాల్లో పియానో వాయించినాయనకి అభినందనలు). ఫ్యామిలీతో ఒకసారి చూడొచ్చు. అదీ 1925లో అయితే.

ఈ కథ నాటకంలోంచి వచ్చింది. 1880లో పారిస్‌లో సార్దూ, నజాక్ కలిసి రాసిన ‘దివోర్సాం’. అప్పటికి ఫ్రాన్సులో విడాకుల చట్టం లేదు, మళ్ళీ వచ్చింది 1884లో. నాటకం ఒక్కరాత్రి ముచ్చట, సినిమా శాశ్వతం అని మన పెద్దలు ప్రతి సభలోనూ సెలవిస్తారు కదా. ఆ ఒక్కరాత్రి ముచ్చటని ఈరోజుకీ పుస్తకంగా చదువుకోవచ్చు. శాశ్వతమైనదే కనబడటం లేదు.

ఎలా కనబడుతుంది? టాకీలొచ్చాక మూకీలు దాచడం స్టూడియోలకు దండగ ఖర్చు. అప్పటి నైట్రేట్ ఫిల్ము నిప్పంటుకుంటుందని ఒక భయం, అందులో వెండి ఉందని ఒక ఆశ. యూనివర్సల్ స్టూడియో తన దగ్గర మిగిలిన మూకీల్లో చాలావాటిని 1948లో తనే నాశనం చేసింది. దాదాపు 11,000 అమెరికన్ మూకీ ఫీచర్లలో అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది. వెండి కోసం సినిమాలు కరిగించారండీ! దొంగలు కాదు, సొంతదారులే. సిగ్గుండాలి.

మనమేం తక్కువ తిన్నాం? రఘుపతి వెంకయ్య గారు, కొడుకు ప్రకాశ్ కలిసి మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశారు, 1921లో. అదీ లేదు. వెంకయ్య గారి పేరు మీద సర్కారు అవార్డు మాత్రం ఉంది, శాలువాతో సహా. ఈసారి శాలువా కప్పే మంత్రిగారిని స్టేజీ మీదే ఆ సినిమా ఒక్క ముక్క చూపించమని ఎవరైనా అడగండి. ఆ ముఖాన్నైనా రెండు కాపీలు తీసి దాచండి.