జీఆర్ఈ లేదు, ఫీజు లేదు, పోటీ లేదట! స్పానిష్ పీజీ ఫార్వర్డ్‌కి నా జవాబు

మొన్న ఆదివారం మా బాబాయి కూతురు ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపి, "అక్కా, ఇది నిజమేనా? నిజమైతే నేనూ అప్లికేషన్ పెట్టేస్తా" అంది. మెసేజ్ పైన అప్పటికే ఆ రెండు బాణాల గుర్తు పడిపోయింది, అంటే ఎన్ని గ్రూపులు తిరిగొచ్చిందో. అందులో ఉన్నది ఇదీ: అమెరికాలో ఎమ్మెస్ కోసం లక్షలు తగలేయకండి, స్పానిష్‌లో ఎంఏకో పీహెచ్‌డీకో పెట్టండి. జీఆర్ఈ (అమెరికా పీజీకి రాసే ప్రవేశ పరీక్ష) అక్కర్లేదు. మనవాళ్లెవరూ పెట్టరు కాబట్టి పోటీ లేదు. బి2 (భాష ఎంత వచ్చో చెప్పే స్థాయి) సర్టిఫికెట్ చాలు. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో రాసే వ్యాసం), రికమండేషన్ లెటర్లు మేం చూసుకుంటాం. ఫీజు మాఫీ, పైగా నెలనెలా జీతం. అమెరికా కుదరకపోతే స్పెయిన్ ఉంది, అక్కడ చదువు ఫ్రీ. అమెరికాలో ఇళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లే నాలుగు కోట్ల పైన ఉన్నారు కాబట్టి ఉద్యోగం గ్యారంటీ. కింద ఒక ఫోన్ నంబరు.

పచ్చి అబద్ధమైతే నవ్వి వదిలేసేదాన్ని. ఇందులో అక్కడక్కడా నిజం ఉంది, ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతాది అమ్ముతున్నారు. నేను హైదరాబాద్‌లో స్పానిష్ ఎంఏ చేసి, అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అక్కడి పిల్లలకి మొదటి ఏడాది స్పానిష్ చెప్పుకుంటూ ఆరేళ్లకి పీహెచ్‌డీ పూర్తి చేసినదాన్ని. కాబట్టి వరసగా వస్తాను.

జీఆర్ఈ అక్కర్లేదట. ఇది చాలా డిపార్ట్‌మెంట్ల విషయంలో నిజమే, తీసేశారు. కానీ మన మీద జాలిపడి తీసేయలేదు, ఆ స్కోరు వాళ్లకి పెద్దగా ఏమీ చెప్పడం లేదని తీసేశారు. వాళ్లు చూసేది రైటింగ్ శాంపిల్. పదిహేను, ఇరవై పేజీల వ్యాసం, స్పానిష్‌లో, ఏదో ఒక రచన మీదో భాషా సమస్య మీదో నీ సొంత వాదనతో. నేను మొదట ఎంఏలో మంచి మార్కులొచ్చిన ఒక అసైన్‌మెంట్‌నే పంపేద్దామనుకున్నా. మా మేడమ్ మూడో పేజీ దాకా చదివి మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో "ఇది కథ చెప్పడం. నీ మాట ఎక్కడ?" అని రాసి తిరిగిచ్చేశారు. నాలుగుసార్లు తిరగరాశాను, జూన్‌లో మొదలుపెడితే నవంబర్ చివరికి తెమిలింది, అదీ డిసెంబర్‌లో గడువులు ఉన్నాయన్న భయంతో. జీఆర్ఈ అయితే మూడు నెలలు కూర్చుంటే అయిపోయేది కదా అని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నా.

పోటీ లేదట. మన ఊరివాళ్లెవరూ ఎక్కడం లేదని రైలు ఖాళీగా ఉంటుందా? ఆ సీట్లకి బొగొటా నుంచి, మెక్సికో సిటీ నుంచి, లిమా నుంచి, సెవిల్ నుంచి పెడతారు, అమెరికాలోనే పుట్టి ఇంట్లో అమ్మతో స్పానిష్ మాట్లాడుతూ పెరిగినవాళ్లు పెడతారు. చాలాచోట్ల పీహెచ్‌డీకి ఏడాదికి తీసుకునేది వేళ్ల మీద లెక్కపెట్టే మందిని. ఇంకో సంగతి, ‘స్పానిష్’ అని ఒకటే సబ్జెక్టు లేదు. మధ్యయుగపు స్పెయిన్, పదహారు పదిహేడు శతాబ్దాల సాహిత్యం, వలసకాలపు లాటిన్ అమెరికా, ఇరవయ్యో శతాబ్దం, భాషాశాస్త్రం ఇలా ఎవరి గది వాళ్లది. నీకు కావలసిన గదిలో అక్కడ ప్రొఫెసర్ లేకపోతే నువ్వెంత బాగున్నా తీసుకోరు. ఫార్వర్డ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు బి2 సంగతి. అసలు గొడవంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

బి2 తక్కువదేం కాదు. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూతో సెర్వాంతెస్ ఇచ్చే డెలే సర్టిఫికెట్లలో ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుంటే అది నాలుగోది. హైటెక్ సిటీలో స్పానిష్ ప్రాసెస్ (కాల్‌సెంటర్ లాంటి) ఉద్యోగాలకి చాలావాటికి అది సరిపోతుంది, దానికోసం ఎంఏ చేయక్కర్లేదు కూడా. కానీ స్పానిష్ రావడం వేరు, స్పానిష్ చదవడం వేరు. మనందరికీ తెలుగు వచ్చు, అంతమాత్రాన రేపు తెలుగు శాఖకి వెళ్లి నన్నయ మీద పీహెచ్‌డీ ఇవ్వమంటే ఇస్తారా? ముందు ఏం చదివావని అడుగుతారు. అక్కడా అంతే. నా మొదటి సెమిస్టర్‌లో ఒక సెమినార్ మొత్తం దోన్ కిహోతే అనే పాత స్పానిష్ నవల మీదే. మొదటి భాగం 1605, రెండో భాగం 1615, నాలుగు వందల ఏళ్ల కిందటి స్పానిష్. వారానికి వందా రెండొందల పేజీలు, దాని మీద పండితుల వ్యాసాలు రెండు మూడు, తర్వాత మూడు గంటలు గుండ్రంగా కూర్చుని స్పానిష్‌లోనే వాదన. మొదటి మూడు వారాలు నేను నోరు విప్పలేదు. నేను మనసులో వాక్యం కట్టుకునేలోపు అర్జెంటీనా అబ్బాయి అది చెప్పేసి ఇంకో పాయింట్‌కి వెళ్లిపోయేవాడు.

అలాగని స్పానిష్ ఇంట్లో మాట్లాడనివాళ్లకి చోటు లేదని కాదు, ఆ పుకారు కూడా ఒకటి తిరుగుతోంది. తెలుగువాళ్లకి ఒక చిన్న లాభం ఉంది, నేను పాఠం చెప్పడం మొదలుపెట్టాకే అది కనిపెట్టాను. స్పానిష్‌లో ‘నాకు కాఫీ నచ్చుతుంది’ అనడానికి ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటారు. మామిడిపళ్లు అయితే ‘మె గుస్తాన్ లోస్ మాంగోస్’. ఇంగ్లిష్‌లో పెరిగిన పిల్లలు ఇక్కడ తల బాదుకుంటారు, వాళ్ల బుర్రలో ‘నేను’ అనేది కర్తగా ముందు కూర్చోవాలి, క్రియ దాని మాట వినాలి. ఉదయం ఎనిమిది గంటల క్లాసులో బోర్డు మీద నాలుగు బాణాలు గీసినా ‘నేను’ని కర్తగా పెట్టి ‘యో గుస్తో’ అని తప్పు రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు. మనకి బాణాలెందుకు? ‘నాకు కాఫీ నచ్చింది, నాకు మామిడిపళ్లు నచ్చాయి’. నాకు అని పక్కన నిలబడతాం, క్రియ మామిడిపళ్ల వెంట పోతుంది. అచ్చం అదే. నువ్వు, మీరు తేడా ఉన్నవాళ్లకి తు, ఉస్తెద్ తేడా కూడా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ ముచ్చట ఊరికే చెప్పలేదు, తర్వాతి పాయింటుకి పనికొస్తుంది.

"ఎస్‌ఓపీ, లెటర్లు మేం చూసుకుంటాం." ఇది చదివాకే నాకు ఒళ్లు మండింది. కన్సల్టెన్సీ రాసే ఎస్‌ఓపీ ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా జూనియర్లు చూపించారు. ‘చిన్నప్పటి నుంచి స్పానిష్ సంస్కృతి అంటే మక్కువ’ అని మొదలై, ఫుట్‌బాల్, టమాటా పండగ మీదుగా వెళ్లి, కొంచెం చదివినవాడు రాస్తే మెక్సికో కవి ఆక్తావియో పాజ్ 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉన్నారన్న సంగతి దగ్గర ఆగుతుంది. పాజ్ మీద నాకేం కోపం లేదు. కానీ ఇండియా నుంచి వచ్చే ప్రతి కాగితంలో ఆయనే ఉంటే చదివేవాళ్లకి ఏముంటుంది? దానికి బదులు ‘తెలుగులో నచ్చు అనే క్రియ నడిచే తీరు వల్ల తెలుగువాళ్లు ‘మె గుస్తా’లోని గుస్తార్ క్రియని ఇంగ్లిష్ వాళ్లకంటే త్వరగా పట్టుకుంటారా, లేక హైదరాబాద్‌లో ఇంగ్లిష్ మీడియంలో స్పానిష్ నేర్చుకోవడం వల్ల ఆ లాభం పోతుందా’ అని ఒక అమ్మాయి రాసిందనుకోండి, భాషాశాస్త్రం ప్రొఫెసర్ కుర్చీలో ముందుకు జరుగుతాడు. అది ఆ అమ్మాయి ప్రశ్న. పాతికవేలు తీసుకునేవాడి దగ్గర అలాంటి ప్రశ్న ఉండదు, ఎందుకంటే వాడు నిన్నటిదాకా మెకానికల్ వాళ్లకి రాసిపెట్టినవాడు.

లెటర్లయితే మరీ ఘోరం. మూడు కావాలి, నీకు పాఠం చెప్పినవాళ్ల దగ్గర్నుంచి, వాళ్ల ఈమెయిల్‌కి యూనివర్సిటీ లింకు పంపితే వాళ్లే ఎక్కించాలి. ‘మేం చూసుకుంటాం’ అంటే ప్రొఫెసర్ పేరుతో దొంగ మెయిల్ ఐడీ తెరవడమే. దొరికితే సీటు పోతుంది, చేరాక బయటపడినా తీసేయొచ్చు. నిజమైన లెటర్‌లో కూడా ‘క్రమశిక్షణ గల విద్యార్థిని, సమయపాలన పాటిస్తుంది’ అని ఉంటే లాభం లేదు, నీ వ్యాసం గురించి నాలుగు వాక్యాలు ఉండాలి.

ఫీజు మాఫీ, జీతం. పీహెచ్‌డీకి చాలాచోట్ల నిజం, ఎంఏకి కొన్నిచోట్లే, కాబట్టి ఒక్కో డిపార్ట్‌మెంట్‌ని విడిగా అడగాలి. ఆ డబ్బు ఊరికే రాదు. సెమిస్టర్‌కి ఒకటో రెండో క్లాసులు పూర్తిగా నీవే, పాఠం, పేపర్లు దిద్దడం, ‘మిస్, నాకు బి ఎందుకొచ్చింది’ అనే మెయిళ్లు, అన్నీ. జీతం చాలాచోట్ల తొమ్మిది నెలలకే. వేసవి మూడు నెలలు ఏం తినాలో నువ్వే చూసుకోవాలి, స్టూడెంట్ వీసా మీద బయట పనికి వెళ్లడానికీ లేదు. ట్యూషన్ మాఫీ అయినా స్టూడెంట్ ఫీజులు కట్టించుకునేచోట్లున్నాయి. నా మొదటి జీతం సెప్టెంబర్ చివర్లో పడింది, ఆగస్టులో అద్దె, డిపాజిట్ నాన్న పంపితే కట్టాను. అప్లికేషన్ ఫీజే ఒక్కోచోట డెబ్బై ఎనభై డాలర్లు, ఎనిమిది చోట్ల పెడితే లెక్క వేసుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ఫండింగ్ ఆఫర్‌కి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 దాకా టైముంటుంది, ‘రేపటిలోగా ఓకే చెప్పు’ అని మధ్యవర్తి తొందరపెడితే టెన్షన్ పడకండి.

స్పెయిన్ ఫ్రీ కాదు. మాస్టర్స్ సాధారణంగా ఒక ఏడాది, 60 క్రెడిట్లు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు అమెరికాతో పోలిస్తే తక్కువే గానీ కొన్ని ప్రాంతాల్లో యూరప్ బయటివాళ్లకి ఎక్కువ వేస్తారు. డిగ్రీకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి వేయించే ప్రభుత్వ ముద్ర), స్పెయిన్ గుర్తించిన అనువాదకుడి చేత అనువాదం, ఈ తిరుగుడు అదనం.

చివరిది, ఉద్యోగం గ్యారంటీ. నాలుగు కోట్ల మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడుతున్నారంటే, స్పానిష్ వచ్చిందన్న ఒక్క అర్హతతో నువ్వు పోటీపడేది ఆ నాలుగు కోట్ల మందితో. కాలేజీ ఉద్యోగాలు పెరగడం లేదు, తగ్గుతున్నాయి. 2016, 2021 మధ్య అమెరికా కాలేజీల్లో విదేశీ భాషల క్లాసుల్లో చేరేవాళ్లు 16 శాతం పైగా తగ్గారు. 2023 సెప్టెంబర్‌లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 28 మేజర్లు (డిగ్రీ కోర్సులు), 143 అధ్యాపక పోస్టులు ఎత్తేసినప్పుడు భాషల శాఖనే రద్దు చేసింది. స్పానిష్, చైనీస్ క్లాసులు కొన్ని మాత్రం మిగిలాయి. ఇక మనవాళ్లు అసలు అడిగే ప్రశ్న ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే అమెరికాలో పనిచేసుకునే అనుమతి. స్పానిష్ సాహిత్యం స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోవ) కాదు, కాబట్టి పన్నెండు నెలలే, కంప్యూటర్స్ వాళ్లకి వచ్చే అదనపు 24 నెలలు రావు. యూనివర్సిటీలో ఉద్యోగం దొరికితే హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ బెడద లేదు, ఆ మాట నిజం, కానీ ముందు ఆ ఉద్యోగం దొరకాలి. ప్రభుత్వ స్కూల్లో స్పానిష్ టీచర్ అవ్వాలంటే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సు అడుగుతుంది, పీహెచ్‌డీ ఉన్నా సరే. నాతో చదివినవాళ్లలో ఇద్దరు ప్రొఫెసర్లయ్యారు, ఒకమ్మాయి హాస్పిటల్లో దుబాసీగా చేస్తోంది, ఇంకొకడు ఇన్సూరెన్స్ కంపెనీలో ఉన్నాడు, హాయిగా ఉన్నాడు కూడా.

మా చెల్లికి ఇదంతా ఫోన్లో చెప్పాను. వద్దని మాత్రం అనలేదు. హైదరాబాద్‌లోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది, వాటిలో ఎంఏ ఖర్చు ఎంతో కనుక్కోమన్నాను, అక్కడ రెండేళ్లు చదివితే ఇష్టమో సరదానో దానికే తెలుస్తుంది. ఇంకా, ఇప్పటిదాకా స్పానిష్‌లో చివరి పేజీ దాకా చదివిన కథ ఏదైనా ఉంటే దాని మీద రెండు పేజీలు స్పానిష్‌లోనే రాసి పంపమన్నాను. బుధవారం రాత్రి పేజీన్నర వచ్చింది. ‘ఉండు’ అనే అర్థమొచ్చే రెండు క్రియలు సెర్, ఎస్తార్ మూడుచోట్ల తారుమారు. మొదటి పేజీ అంతా కథే చెప్పింది. కానీ కింద, ఆ కథలో అమ్మ పాత్రకి పేరెందుకు పెట్టలేదని ఒక లైను అడిగి, జవాబు రాయకుండా వదిలేసింది. ఈ ఆదివారం దాని గురించే మాట్లాడుకుంటాం.