మచ్చ లేని పైడికంటె

మా జిల్లాలో మొన్న జరిగిన ఒక ఫోటోల పోటీలో మొదటి బహుమతి గుడ్లగూబకు వచ్చింది. నిజానికి వచ్చింది దాని వెనకున్న చంద్రుడికి. ఆ ఫోటో ఈపాటికి మీ వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగే ఉంటుంది కాబట్టి వర్ణన క్లుప్తంగా ముగిస్తాను. కొబ్బరి మట్ట చివర ఒక పైడికంటె, అంటే ఒళ్లంతా చుక్కలుండే చిన్న గుడ్లగూబ. దాని వెనక సగం ఫ్రేము ఆక్రమించిన పూర్ణచంద్రుడు. కింద డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న గన్నవరం అక్విడెక్టు, అంటే కాలువను ఏరు దాటించే వంతెన, దాని కింద గోదావరి వైనతేయ పాయ, పాయ మీద పొగ. పొగమంచు కాదండి, పొగే. నీలం రంగుది. పిట్ట కళ్లు మాత్రం ఎర్రగా నిప్పులు కక్కుతున్నాయి. మూలన ఫోటోగ్రాఫర్ గారి సంతకం, సంతకం పక్కన చిన్న కెమెరా బొమ్మ.

న్యాయనిర్ణేతలు "సహజత్వం ఉట్టిపడుతోంది" అన్నారట. పెద్దలు, వాళ్ల మాట కాదనలేం. కాకపోతే చిన్న లెక్క ఒకటి అడ్డొస్తోంది.

ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. పైడికంటె జానెడు పిట్ట, 21 సెంటీమీటర్లు. ఈ రెండూ ఒకే సైజులో కనబడాలంటే మనం పిట్టకు 23 మీటర్ల దూరంలో నిలబడాలి. బహుమతి ఫోటోలో చంద్రుడు పిట్టకు ఆరింతలున్నాడు. అంటే ఫోటోగ్రాఫర్ గారు దాదాపు 140 మీటర్ల అవతల, ఒక కొబ్బరితోటా ఒక రొయ్యల చెరువూ దాటి, ఆవలి గట్టు మీద నిలబడి తీసి ఉండాలి. అంత దూరం నుంచి, రాత్రిపూట, పిట్ట ముక్కు చుట్టూ ఉన్న సన్నటి వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా తీశారు. ఇస్రో వాళ్లు ఈయన్ని ఇంకా ఎందుకు పిలవలేదో!

చంద్రుడు వెనకుంటే పిట్ట ముఖం నీడలో ఉండాలి. ఇక్కడ ముఖమ్మీద వెలుతురు ముందునుంచి పడుతోంది. ఫోటోగ్రాఫర్ వెనక ఇంకో చంద్రుడు ఉన్నాడన్నమాట. కోనసీమకు ఆమాత్రం ప్రత్యేక ఏర్పాటు ఉంటే తప్పేముంది? చంద్రబింబం మీద రెండు నక్షత్రాలు కూడా మెరుస్తున్నాయి. భూమికీ చంద్రుడికీ మధ్య 3,84,000 కిలోమీటర్ల ఖాళీ ఉందిగా, అందులో ఎక్కడో సర్దుకుని ఉంటాయి.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది దాని ఓరచూపు. గుడ్లగూబ కనుగుడ్డు గుండ్రంగా ఉండదు, గొట్టం ఆకారంలో ఉండి ఎముక వలయంలో బిగించి ఉంటుంది. అటూ ఇటూ తిరగదు. అందుకే దానికి మెడలో మనకున్న ఏడుకి రెట్టింపు, 14 పూసలు. పక్కకు చూడాలంటే తలకాయ మొత్తం తిప్పాల్సిందే, 270 డిగ్రీల దాకా తిప్పుతుంది. మన బహుమతి పిట్ట మాత్రం మెడ కదపకుండా, పెళ్లిపీటల మీంచి చూసినట్టు ఓరగా చూస్తోంది. లక్షల ఏళ్లలో ఏ గుడ్లగూబకూ చేతకాని పని మా మండలంలో అయింది.

ఇది ఎలా అయిందో తెలుసుకోకుండా ఉండలేక స్టూడియోకి వెళ్లాను. ఆయన అసలు వృత్తి పెళ్లి ఆల్బములు. మాఘమాసంలో మనిషి దొరకడు.

"రండి గురువుగారూ, కూర్చోండి. టీ చెప్పమంటారా?"

"టీ సరే, ముందు ఒరిజినల్ చూపించు బాబూ."

ఆయ్, అలాగేనండి అని చూపించాడు. సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. కరెంటు తీగ మీద పైడికంటె. గోధుమ రంగు ఒళ్లు, నిండా తెల్ల చుక్కలు, తెల్లటి కనుబొమలు, పసుపుపచ్చ కళ్లు. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, మెడ కొంచెం వంచి, "నీకేం పనిలేదా" అన్నట్టు సూటిగా కెమెరాలోకి చూస్తోంది. ఎంత బాగుందో!

"దీన్నే పంపాల్సింది కదయ్యా."

"ఊరుకోండి సార్, కరెంటు తీగ మీదుంటే ఎవరు చూస్తారండీ?"

అని తీగ తీసేశాడు. తీగ తీసేస్తే పిట్ట గాల్లో కూర్చుంది. అందుకని ఎవరిదో పెళ్లిపందిట్లోంచి ఒక కొబ్బరి మట్ట కోసుకొచ్చి కింద పెట్టాడు. చంద్రుడు స్టూడియో సొంత ఆస్తి. ప్రీ వెడ్డింగులకీ, పుట్టినరోజు ఫ్లెక్సీలకీ, సంతాపం పోస్టర్లకీ అన్నిటికీ ఆ ఒక్క చంద్రుడే. నీలం పొగ ఏదో రిసెప్షన్లో వధూవరులు స్టేజీ ఎక్కేటప్పుడు వదిలినదిట. జాగ్రత్తగా చూస్తే పొగలో ఇంకా నాలుగు చమ్కీలు కనబడతాయి.

"తర్వాత మచ్చలండి. దీనికి ఒళ్లంతా మచ్చలేనండి బాబూ! రెండు గంటలు పట్టింది తీసేసరికి."

పైడికంటెను పైడికంటె అని పోల్చుకునేదే ఆ చుక్కలతో. ఆయన తప్పు లేదు. పన్నెండు నెలలూ పెళ్లికూతుళ్ల మొటిమలు తీసే చెయ్యి, చుక్క కనబడితే ఊరుకోదు. చుక్కలు పోయాక ఒక్కో ఈకా కలిసిపోయేలా నునుపు చేశాడు. ఒళ్లు ఆత్రేయపురం పూతరేకులా తయారైంది. ఇంకాస్త చేస్తే అవతలి చంద్రుడు కనబడును.

"కనుబొమలు తెల్లబడ్డాయని నల్లరంగు వేశానండి. వయసు తెలిసిపోతోంది కదా."

"మరి కళ్లు?"

"పసుపుగా ఉంటే కామెర్లు అనుకుంటారు సార్. పైగా లుక్కు లేదు. మోడల్ అసలు కోపరేట్ చెయ్యలేదండి. కనుపాపలు కొంచెం పక్కకి జరిపి ఎరుపు కొట్టాను. దెబ్బకి లైకులు చూడండి."

చూశాను. లైకులు బాగానే ఉన్నాయి.

ఎడిటింగ్ అంటే నాకు పగ అనుకునేరు. చీకట్లో తీసిన ఫోటోలో ఇసక చల్లినట్టు వచ్చే నాయిస్ తీసుకోవాలి, వెలుతురు సర్దుకోవాలి, మూలన అడ్డొచ్చిన రెమ్మను కత్తిరించుకోవాలి. ఫిల్మ్ రోజుల్లో డార్క్‌రూములో అందరూ చేసిన పనే. కావాలంటే గుడ్లగూబకు కిరీటం పెట్టుకోండి, గోదావరి మీద గరుడసేవ చేయించుకోండి, "ఇది నేను కల్పించిన బొమ్మ" అని కింద రాయండి, నేనే చప్పట్లు కొడతాను. రాయకపోవడమే పేచీ. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు నిలువు అట్టలో పట్టించడానికి ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్లో దగ్గరికి జరిపితే, అంత పెద్ద పత్రిక ఏళ్ల తరబడి మాటలు పడింది. వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009లో గెలిచిన తోడేలు పెంపుడుదని తేల్చి బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆ పోటీలో చివరి దాకా వచ్చినవాళ్లు కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టున్న రా ఫైలు చూపించి తీరాలి. మా జిల్లాలో ఎంట్రీ ఫీజు రసీదు చూపిస్తే చాలు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ ఎర్రకళ్ల దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

ఇంటి మీద గుడ్లగూబ వాలితే అరిష్టం అని ఇంకా నమ్మే ఊళ్లు మనవి. పెరట్లో చింతచెట్టు మీద కూస్తే రాయి పట్టుకుని బయటికొచ్చే పెద్దమనిషి, అదే రోజు రాత్రి మంచం మీద పడుకుని ఎర్రకళ్ల గుడ్లగూబకు లైకు కొడతాడు. ఆ ఫోటో ఆయనకేం చెబుతోంది? నువ్వు రాయి వేసింది దయ్యానికే, భేషుగ్గా చేశావు అని చెబుతోంది. క్షుద్రపూజల కోసం దేశంలో గుడ్లగూబలను పట్టి ఎలా అమ్ముతున్నారో వన్యప్రాణుల వ్యాపారం మీద కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లోనే నివేదిక ఇచ్చింది. ఆ పూజల భయంతో దీపావళి వస్తోందంటే అటవీ శాఖలు హెచ్చరికలు చేసుకోవాల్సిన దేశం ఇది. ఇక్కడ కూర్చుని దాని కళ్లకు నెత్తురు పూసి, దానికి క్రియేటివిటీ అని పేరు పెడతారా?

చావుపిట్ట అని మనం తిట్టుకునే తెల్ల గుడ్లగూబ ఉందే, మూతబడ్డ రైసుమిల్లుల్లో, గుడి గోపురాల్లో ఉంటుంది, అది పడుకునే చోట కిందకు వెళ్లి ఒకసారి చూడండి. బూడిద రంగు ముద్దలు పడి ఉంటాయి. మింగింది అరిగాక మిగతాది అలా కక్కేస్తుంది. ఒక ముద్ద నీళ్లలో వేసి పుల్లతో విప్పితే బొచ్చు విడిపోయి ఎలుక పుర్రెలు బయటపడతాయి, ముందుపళ్లు పచ్చగా, వంకరగా, చెక్కుచెదరకుండా. అవి మన దాళ్వా, అంటే రెండో పంట వరి చేలోంచి పోయిన ఎలుకలు. దుబ్బులు కొరికేస్తున్నాయని బుట్టలు పెట్టేవాళ్లకు డబ్బులిచ్చి పట్టిస్తామే, అవే. ఈ పిట్ట కూలి అడగదు, అడ్వాన్సు అడగదు. మలేసియాలో పామాయిల్ తోటలవాళ్లు దీనికోసం పనిగట్టుకుని గూళ్ల పెట్టెలు కట్టించారు. మనం గట్ల మీద మందు పెడతాం, మందు తిన్న ఎలుకను తిని అదీ చస్తుంది.

బతికినవాటికి ఇప్పుడు కళాకారులు తగులుకున్నారు. గూడు మీద వెలుతురు సరిగ్గా పడటం లేదని తాడిచెట్టు తొర్రకు అడ్డంగా ఉన్న మట్టలన్నీ నరికేశాడు ఒక మహానుభావుడు. లోపల ఇంకా ఈకలు రాని రెండు పిల్లలు. ఆయన ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. తెల్లారేసరికి కాకులు వచ్చాయి. ఇంకొకడు అక్వేరియం షాపులో తెల్ల ఎలుకను కొని, కాలికి దారం కట్టి, గట్టు మీద మేకుకు బిగించి, పిట్ట దూకే క్షణం కోసం ఫ్లాష్ పట్టుకుని కూర్చున్నాడు. సిగ్గుండాలి! తెల్ల ఎలుక మన పొలాల్లో ఎక్కడుందిరా? అందుకని దానికి కంప్యూటర్లో గోధుమరంగు వేశాడు. ఆ ఫోటో కింద ఆయనగారి క్యాప్షన్: 'ప్రకృతిని ప్రేమిద్దాం.'

ఈ దేశంలో గుడ్లగూబలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టినా, చంపినా, అమ్మినా నేరమే. గూడు పాడుచేసి పిల్లలను కాకులకు వేసినవాడికి కూడా ఆ చట్టం ఒకసారి చదివి వినిపించాల్సిందే. వాడి లైకులు అయిపోయాక అయినా సరే.

నిన్న రాత్రి మళ్లీ మా స్టూడియో ఆయన ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది పోటీకి ఈసారి పిల్లల తల్లి కాన్సెప్టు అనుకుంటున్నాడట. "గురువుగారూ, మీవైపు మిల్లులో చావుపిట్ట గూడు పెట్టిందటగా, కాస్త లొకేషన్ పెడుదురూ" అన్నాడు. అంత మర్యాదగా అడిగినవాణ్ని కాదనలేక వెంటనే పెట్టాను, అటవీశాఖ రేంజి ఆఫీసుది.