సినిమా చదువుతానంటే ఆపకండి

పోయినేడు, ఇక్కడ అమెరికాలో కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌తో పాటు ఫిల్మ్ స్టడీస్ కూడా మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా తీసుకుంటానంది. ఆ వారమంతా ఇంట్లో టెన్షనే. సినిమాలు చూడ్డానికి కాలేజీ దేనికని మా ఆయన, రేపు ఉద్యోగం ఎవరిస్తారని నేను. అది వాదించలేదు. క్లాసు కోసం రాసుకున్న పదిహేను పేజీలు నా చేతిలో పెట్టి, "ముందు చదువమ్మా, తర్వాత మాట్లాడదాం" అంది.

అవి 'మాయాబజార్' గురించి. ఆ సినిమా నేను ఇరవైసార్లైనా చూసి ఉంటాను. అందులో పాండవులు తెర మీదకే రారని తెలుసు గానీ, ఎందుకు రారో ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్ళు జూదంలో సర్వం పోగొట్టుకున్నారన్న కబురు మాత్రమే మనకు చేరుతుంది. ఆ కబురు తర్వాత పుట్టింట్లో సుభద్ర మాట ఎలా చెల్లకుండా పోతుందో మాత్రం కళ్ళారా చూస్తాం. అంత పెద్ద భారతకథ కాస్తా ఉన్న చుట్టాలు, లేని చుట్టాలు, మాట తప్పిన పెళ్ళి సంబంధం అయిపోయింది. అందుకే మన ఇంటి కథలా అనిపిస్తుంది. ఎవరిని చూపించకూడదో తేల్చుకోవడం కూడా రచనేనని, 1957లో కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు చేసిన ఆ పనిని మా అమ్మాయి సీను సీనుకీ విడదీసి రాసింది. స్క్రీన్‌రైటింగ్ క్లాసులో నేర్పేది ఇదేనట. స్క్రిప్టులో పేజీకి తెర మీద సుమారు ఒక నిమిషం లెక్కన, ఏ సీను ఎక్కడ మొదలవ్వాలి, పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి అన్నది. మంచి డైలాగు పడితే చాలనుకునే నాకు ఇదంతా కొత్త.

చరిత్ర సంగతి ఇంకా ముఖ్యం. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ళ తరబడి నమ్మాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు వెతికి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చారు. పుట్టినరోజు సరిగ్గా తెలుసుకోవడానికే మనకు అంతకాలం పట్టింది! ఆ సినిమా ఇప్పుడు చూద్దామన్నా లేదు. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా లేదు. ఆనాటి నైట్రేట్ రీళ్ళు ఇట్టే అంటుకునేవి, వేడికీ తేమకీ పాడైపోయేవి. ఆడడం అయిపోయిన రీళ్ళను వాటిలోని వెండి కోసం కరిగించేవారు కూడా. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే పోయినవి పోయాయి. ఇక్కడ సౌత్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 1929లోనే సినిమాను పాఠంగా మొదలుపెట్టింది. 1988లో చట్టం చేసుకుని, భద్రపరచాల్సినవని ఏటా 25 సినిమాలను ఎంపిక చేస్తున్నారు. ఇలాంటి దేశంలో చదువుకుంటూ తెలుగు కూడా వచ్చిన మన పిల్లలు ఈ పని నేర్చుకోకపోతే ఇంకెవరు నేర్చుకుంటారు?

విమర్శ విషయంలో మన బాధ్యత ఇంకా ఎక్కువని నా నమ్మకం. పెద్ద సినిమాలకు ప్రీమియర్లు ఇక్కడే ముందు పడతాయి. హైదరాబాద్‌లో తెల్లారేసరికి మన హాళ్ళ నుంచి టాక్ వెళ్ళిపోతుంది. ఆ టాక్‌లో ఉండేదేమిటి? ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, ఐదుకి రెండున్నర. వందలమంది ఏళ్ళ తరబడి పడిన కష్టానికి మనమిచ్చే జవాబు అంతేనా అని నాకు బాధగా ఉంటుంది. మా అమ్మాయి క్లాసులో ఒక సినిమా మీద రాయాలంటే కనీసం రెండుసార్లు చూడాలి. నచ్చిందో లేదో చెప్పడంతో సరిపోదు, ఏ షాటు, ఏ కట్ వల్ల అలా అనిపించిందో చూపించాలి.

ఈ చదువుతో ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. ఫీజులూ తక్కువేం కావు. చాలా యూనివర్సిటీల్లో రెండు మేజర్లు కుదురుతాయి, కనీసం మైనర్‌గా, అంటే తక్కువ క్లాసులుండే అదనపు సబ్జెక్టుగానైనా తీసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకోండి, కానీ "సినిమా కూడా ఒక చదువేనా" అన్న మాట మాత్రం పిల్లల ముందు అనకండి. నేనన్నాను. ఇప్పటికీ బాధపడుతున్నాను.

మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. ఎండాకాలం సెలవులకు వచ్చే అమ్మానాన్నల దగ్గర కూర్చుని, ఏ ఊళ్ళో, ఏ హాల్లో, నేల టిక్కెట్టు ఎంతకు కొని ఏ సినిమా చూశారో రికార్డు చేయిద్దాం. అడిగేవాళ్ళు ఉండాలే గానీ వాళ్ళకు అన్నీ గుర్తే. ఏటా ఇచ్చే స్కాలర్‌షిప్పుల్లో ఒకటి సినిమా చదివే విద్యార్థికి ఇద్దాం.

మా అమ్మ మేలో వస్తోంది. హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు ఆవిడ ట్రంకుపెట్టెలో నలభై మూడు ఉన్నాయట. నటీనటుల పేర్లు, పాటలు, సగం కథ, చివర్లో "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఉండేవి, అవే. ఈసారి పచ్చళ్ళు వద్దు, అవి తెమ్మని మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. వాటిని స్కాన్ చేయడానికి కాలేజీ లైబ్రరీలో అప్పుడే టైము కూడా తీసుకుంది.